మూడో డ్యూటీని మింగిందెవరు?

2025 జూన్‌లో అమరావతిలో మంత్రివర్గ నిర్ణయం. జూలై 5న హైదరాబాదులో జీవో. రెంటికీ మధ్య నెల రోజులు. కృష్ణా నీళ్ల మీద, తొమ్మిదో షెడ్యూలు సంస్థల మీద, విద్యుత్ బకాయిల మీద పదకొండేళ్లుగా ఒక్క మాట మీదికి రాని రెండు ప్రభుత్వాలు ఈ ఒక్క విషయంలో మాత్రం కవల పిల్లల్లా ప్రవర్తించాయి. ట్రిబ్యునల్ అక్కర్లేకపోయింది. ఢిల్లీ పెద్దమనుషుల పంచాయితీ అక్కర్లేకపోయింది. కార్మికుడి పని దినాన్ని పది గంటలకు సాగదీయడానికి అక్కడి తెలుగుదేశం కూటమికీ ఇక్కడి కాంగ్రెస్‌కూ మధ్య ఏ సిద్ధాంత విభేదమూ అడ్డురాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీల చట్టం 54వ సెక్షన్ కింద రోజుకు 9 గంటలున్న హద్దును 10కి జరిపారు. 5 గంటల పని తర్వాత ఇవ్వాల్సిన విరామాన్ని 6 గంటల తర్వాతకు నెట్టారు. మూడు నెలల్లో 75 గంటలు దాటకూడదన్న ఓవర్‌టైమ్ పరిమితిని 144 గంటలు చేశారు. సెప్టెంబరులో శాసనసభ చేత ముద్ర వేయించుకున్నారు. తెలంగాణలో శాసనసభ దాకా కూడా పోలేదు. జీవో ఆర్టీ 282 అనే ఒక కాగితంతో వాణిజ్య సంస్థలకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని 16, 17 సెక్షన్ల నుంచి మినహాయింపు ఇచ్చేశారు. రోజుకు 10 గంటలు, వారానికి 48 గంటలు, మూడు నెలలకు 144 గంటల ఓవర్‌టైమ్. జూలై 8 నుంచి అమలు. ఆ మర్నాడే, జూలై 9న, కార్మిక సంఘాల దేశవ్యాప్త సమ్మె. సమ్మెకు ముందురోజు ముహూర్తం పెట్టిన అధికారి ఎవరో గానీ హాస్యప్రియుడై ఉండాలి. కేంద్రం తెచ్చిన లేబర్ కోడ్‌లను ఢిల్లీలో తిట్టే కాంగ్రెస్ పార్టీ, హైదరాబాదులో ఈ జీవో ఎలా ఇచ్చిందని మాత్రం అడగకండి. అది వేరే డిపార్టుమెంటు.

'వారానికి 48 గంటలు అలాగే ఉన్నాయి కదా, ఎక్కువ పనిచేస్తే రెట్టింపు ఇవ్వాలనే ఉంది కదా, మీకెందుకు ఉలుకు?' అని సర్కారు పక్షాన మాట్లాడేవాళ్లు అడుగుతున్నారు. సరే, లెక్క చూద్దాం. మూడు నెలలంటే 13 వారాలు. 144 గంటల్ని 13తో భాగిస్తే వారానికి 11 గంటల చిల్లర. 48కి 11 కలిపితే 59. రోజుకు పది గంటల చొప్పున ఆరు రోజులు పనిచేస్తే 60. అర్థమైందా ఆ 144 అనే అంకె ఎక్కడ నుంచి ఊడిపడిందో? ఏడాది పొడవునా, పండుగ నెలని లేదు మామూలు నెలని లేదు, ఇంచుమించు ప్రతి వారమూ పది గంటల చొప్పున ఆరు రోజులు నడిపించుకోవడానికి సరిపడేలా కుట్టిన చొక్కా అది. అత్యవసరమైనప్పుడు మాత్రమే వాడాల్సిన ఓవర్‌టైమ్‌ను రోజువారీ తిండి చేశారు. పైగా తెలంగాణ జీవోలో రోజు లెక్క పోయి వారం లెక్క ఒక్కటే మిగిలింది. అంతకుముందు ఎనిమిది గంటలు దాటితే తొమ్మిదో గంట అదనపు గంట. ఇప్పుడు వారం మొత్తం 48 దాటనంత కాలం తొమ్మిదో గంటా, పదో గంటా మామూలు గంటలే. సాయంత్రం పిల్లను బడి నుంచి తెచ్చుకోవాల్సిన తల్లికి వారం సగటు చెప్పి ఏం లాభం? పిల్ల వారం సగటున ఇంటికి రాదు.

ఇక అసలు సంగతి. ఈ చర్చ అంతా ఓవర్‌టైమ్ అనేది ఇస్తున్నట్టు, దాని పరిమితి ఎంతుండాలో తేల్చుకుంటున్నట్టు సాగుతోంది. ఇస్తున్నదెవరు? పుచ్చుకుంటున్నదెవరు? ఇది చూడాలంటే సచివాలయం మెట్లెక్కితే లాభం లేదు. గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి అడగాలి. అందుకే ఈ వారం మనం గోదావరి దాటి కోనసీమకు పోదాం. అమలాపురం, రాజోలు మధ్య రోడ్డు మీద ఉన్న మామిడికుదురు మండలానికి.

తెలంగాణ ఉద్యమ పత్రికకు మామిడికుదురుతో ఏం పని అని కొందరు మిత్రులు కనుబొమలు ముడుస్తారని తెలుసు. ప్రాంతాలుగా విడిపోదాం, ప్రజలుగా కలిసుందాం అని గొంతులు పోయేలా అరిచింది మనమే కదా. మనకు పేచీ అక్కడి పాలకులతో, పెట్టుబడిదారులతో తప్ప అక్కడి కూలీతో కాదని ప్రతి సభలో చెప్పిందీ మనమే. ఇంకో కారణం కూడా ఉంది. రాష్ట్రం వచ్చిన 25 రోజులకు, 2014 జూన్ 27 తెల్లవారుజామున, ఇదే మండలంలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు మంటల్లో చిక్కుకున్నారు. 20 మందికి పైగా చనిపోయారు. మనం అప్పుడు సంబురాల్లో ఉన్నాం. ఆ వార్తను 'పక్క రాష్ట్రం' పేజీలో చదివిన మొదటి రోజుల్లో అదొకటి.

మామిడికుదురు పేరు వినగానే కొబ్బరి తోటలు, అప్పనపల్లి బాలబాలాజీ గుడి, ఆదుర్రు బౌద్ధ స్తూపం గుర్తుకొస్తాయి. కానీ ఈ నేల కింద గ్యాసుంది. పాశర్లపూడి పేరుతో ప్రసిద్ధమైన బావి 1995 జనవరి 8న అంటుకుంటే ఆ మంట 65 రోజులు ఆరలేదు. బావులు, గొట్టాలు, గ్యాసు సేకరణ కేంద్రాలు, తాటిపాక రిఫైనరీ. వీటన్నిటి చుట్టూ కంచెలు. కంచె ఉన్న చోటల్లా గేటు. గేటు ఉన్న చోటల్లా ఒక కుర్రాడో, ఒక నడివయసు మనిషో ఖాకీ రంగు యూనిఫాం వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో. గ్యాసు గేట్లే కాదు, రొయ్యల చెరువుల గేట్లు, కాలేజీల గేట్లు, ఏటీఎంలు, ఆసుపత్రులు, అపార్టుమెంట్లు. కోనసీమలోనే కాదు, మన కూకట్‌పల్లిలోనూ, కరీంనగర్‌లోనూ అదే కుర్చీ.

ఆ రోడ్డు మీద ఒక గేటు దగ్గర (ఏ గేటో చెప్పను, అతని కొలువు పోతుంది) అడిగాను. "డ్యూటీ ఎన్ని గంటలన్నా?"

"పొద్దున్న ఆరుకి ఎక్కితే సాయంత్రం ఆరుకి దిగడవేనండి."

"పన్నెండు గంటలా? మరి ఓటీ ఇస్తరా?"

"ఓటీ ఏంటండి బాబూ, అదే డ్యూటీ కదండి. రిలీవరు రాపోతే రాత్రి కూడా ఉండిపోవాలండి, ఆయ్. దానికైతే ఇంకో డ్యూటీ డబ్బులు కడతారండి."

ఇంతే సంభాషణ. ఇందులో ఉన్న విషాదం అతనికి తెలియదు. అతని లెక్కలో ఒక డ్యూటీ అంటే పన్నెండు గంటలు. దానికి ఒక రోజు జీతం. పన్నెండు దాటి ఇరవై నాలుగు గంటలు ఉంటే అది ఓటీ. దానికీ ఒక రోజు జీతమే, రెట్టింపు కాదు. ఎనిమిది గంటల తర్వాతి నాలుగు గంటలు ఏమయ్యాయి? అవి మాయమయ్యాయి. ఎంత శుభ్రంగా మాయమయ్యాయంటే, పోగొట్టుకున్నవాడికి పోయినట్టు కూడా తెలియదు. హైదరాబాదులో మా ఆఫీసు పక్క ఏటీఎం దగ్గర పాలమూరు తమ్ముడు ఇదే మాట మన యాసలో అంటాడు. "నిన్న డబుల్ కొట్టిన్నన్నా, పైసలొస్తయ్." భాష మారింది, బాధ మారలేదు. ప్రైవేటు సెక్యూరిటీ అంటే పన్నెండు గంటలే అన్నది రెండు రాష్ట్రాల్లోనూ పసిపిల్లవాడికి కూడా తెలుసు. కార్మిక శాఖకు తప్ప.

ఇప్పుడు పెన్ను కాగితం తీయండి. విద్యార్థి మిత్రులు ముఖ్యంగా. ఎనిమిది గంటల రోజు కూలి 480 రూపాయలనుకుందాం, లెక్క సులువుగా ఉండటానికి. గంటకు 60. చట్టం ప్రకారం అదనపు గంటకు రెట్టింపు, అంటే 120. పన్నెండు గంటల డ్యూటీలో నాలుగు అదనపు గంటలు. నాలుగు నూట ఇరవైలు 480. అంటే పన్నెండు గంటలు కాపలా కాసిన మనిషికి చట్టప్రకారం రావాల్సింది 960 రూపాయలు, అక్షరాలా రెండు రోజుల కూలి. అతనికి ముట్టేది ఒకటి.

ఇది సగం లెక్కే. గేటుకు 24 గంటలూ మనిషి కావాలి. ఎనిమిది గంటల చొప్పున అయితే ముగ్గురు, 1440 రూపాయలు. పన్నెండు గంటల చొప్పున ఇద్దరితో నడిపి, చట్టం చెప్పినట్టు రెట్టింపు ఓటీ కడితే 1920 రూపాయలు. చూశారా? నిజాయితీగా కట్టేటట్టయితే పన్నెండు గంటల డ్యూటీ యజమానికి నష్టం. ఏ కాంట్రాక్టరూ బుద్ధుండి ఇద్దర్ని పెట్టడు. ముగ్గుర్ని పెడతాడు. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు అని చట్టం రాసినవాళ్ల ఉద్దేశం సరిగ్గా ఇదే. అది కార్మికుడికి ఇచ్చే బక్షీసు కాదు. యజమాని మీద వేసిన జరిమానా. అదనపు గంట అతనికి ఎంత ఖరీదు కావాలంటే, దానికంటే ఇంకో మనిషిని పెట్టుకోవడమే చవక అనిపించాలి.

మరి ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఇద్దరు మనుషులు, తలా 480, మొత్తం 960. ముగ్గురికి కావాల్సిన 1440లో మిగిలింది 480. అది ఎవరిది? మూడో మనిషిది. ఆ మూడో మనిషి ఎవరో కాదు. అమలాపురంలో డిగ్రీ చదివి గ్రూప్ పరీక్షల పుస్తకాలు కక్షలో పెట్టుకుని తిరుగుతున్న కుర్రాడు. అశోక్‌నగర్ లైబ్రరీ మెట్ల మీద కూర్చున్న మన తమ్ముడు. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం అరిచాం. నియామకాలంటే మనకు గుర్తొచ్చేది సర్వీస్ కమిషన్ నోటిఫికేషనొక్కటే. దాని కోసం ధర్నాలు చేశాం, లాఠీలు తిన్నాం, చేయాల్సిందే కూడా. కానీ ప్రతి గేటు దగ్గర, ప్రతి షాపులో, ప్రతి గోదాములో ముగ్గురి పని ఇద్దరి నెత్తిన పెట్టి ఒక కొలువును ప్రతి రోజూ గుటుక్కున మింగుతుంటే దానికి ఏ నిరుద్యోగ జేఏసీ బయల్దేరలేదు. నోటిఫికేషన్ వేయకుండా ఆపిన కొలువు కనిపిస్తుంది. గంటలు దొంగిలించి ఆపిన కొలువు కనిపించదు.

పని గంటలు పెంచే జీవో నిరుద్యోగి మీద జీవో. ఈ మాట విశ్వవిద్యాలయాల్లో ఇంకా వినిపించాల్సినంతగా వినిపించలేదు.

కోనసీమ గురించి రాస్తూ ఆ జిల్లా పేరు ఎత్తకుండా ఉండలేం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చింది. దానికి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు మే 24న అమలాపురం తగలబడింది. ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు. చివరికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అనే పేరు నిలిచింది. మంచిదే. పేరు మీద అంత గొడవ జరిగిన చోట, ఆ పేరుగల మనిషి ఏం చేశాడన్నది ఎంతమందికి గుర్తుంది? రాజ్యాంగం అంటారు అందరూ. దానికంటే ముందు 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు. 1934 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం వారానికి 54 గంటలున్న పనిని 48 గంటలకు తగ్గించే సవరణ బిల్లును 1946లో కేంద్ర శాసనసభలో పెట్టింది ఆయనే. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టం ఆ 48నే నిలబెట్టింది. 59వ సెక్షన్‌లో రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు వేతనం అని రాసింది. జిల్లాకు ఆయన పేరు వద్దన్నవాళ్లూ, కావాలన్నవాళ్లూ ఆయన కుదించిన గంటల్ని 2025లో ప్రభుత్వం తిరిగి సాగదీస్తుంటే ఒక్కలాగే ఊరుకున్నారు. జిల్లా బోర్డు మీద ఆయన పేరు, ఆ బోర్డు కింద పన్నెండు గంటల కాపలా.

గ్యాసు ఉన్న చోట గంటల సంగతి ఇంకా వేరు. నగరం పేలుడుకు కారణం ఎవరి నిద్రమత్తూ కాదు. అది గొట్టం సంగతి, నిర్వహణ సంగతి. ఆ తప్పును కార్మికుడి మీదికి నెట్టకూడదు. కానీ ఒక ప్రశ్న ఉంది. వాసన పసిగట్టి, ఫోను చేసి, జనాన్ని లేపాల్సిన మొదటి మనిషి ఆ గేటు దగ్గరి మనిషే. తెల్లవారుజామున అయిదున్నరకు అతను డ్యూటీ ఎక్కి పదకొండున్నర గంటలై ఉంటే? రిలీవరు రాక ఇరవై మూడున్నర గంటలై ఉంటే? ఇరుసుమండలో 2026 జనవరిలో మళ్లీ బావి అంటుకుని ఊళ్లు ఖాళీ చేయించారు. మంట వచ్చిన ప్రతిసారీ మంత్రులు వస్తారు, భద్రతా ప్రమాణాల గురించి మాట్లాడతారు. నిద్ర కూడా ఒక భద్రతా ప్రమాణమే అని ఇంతవరకు ఏ మంత్రీ అన్నట్టు వినలేదు. బస్సు నడిపేవాళ్లకు ఈ మాట విడిగా చెప్పక్కర్లేదు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే ఎనిమిది గంటలు అంది, దాటితే రెట్టింపు అంది. 2019లో 52 రోజులు సమ్మె చేసిన ఆర్టీసీ అన్నలను అడగండి డబుల్ డ్యూటీ అంటే ఏమిటో.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. దాన్ని కొట్టిపారేయలేం. 'మీరు వద్దంటున్నారు గానీ కార్మికులే ఓటీ కావాలంటున్నారు.' నిజమే, అంటున్నారు. దీన్ని కోనసీమకూ, మన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాలకూ ఉన్న చుట్టరికంలో చూస్తే బాగా అర్థమవుతుంది. ఆ చుట్టరికం పేరు గల్ఫ్. ఇక్కడి నుంచి మగవాళ్లు ఎక్కువగా దుబాయికి, సౌదీకి పోతే అక్కడి నుంచి ఆడవాళ్లు కూడా పెద్ద సంఖ్యలో కువైట్ ఇళ్లలో పనికి పోతారు. గల్ఫ్‌కు పోయే ఏ మనిషైనా ఏజెంటును అడిగే మొదటి ప్రశ్న జీతమెంత అని కాదు. "ఓటీ ఉందా?" అని. ఎందుకంటే బేసిక్ జీతంతో అప్పు తీరదు. వీసా కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ ఊళ్లో పెరుగుతూ ఉంటుంది. ఓటీ ఉంటేనే ఇంటికి డబ్బు పంపగలడు. యజమానికి ఈ సంగతి తెలుసు. అందుకే బేసిక్‌ను పాతాళంలో పెట్టి, అలవెన్సులుగా ముక్కలు చేసి, ఆ బేసిక్ మీద ఓటీ లెక్కగడతాడు. యూఏఈ 2021 చట్టంలో అదనపు గంటకు నాలుగో వంతు ఎక్కువ, రాత్రి పది నుంచి తెల్లవారి నాలుగు మధ్య అయితే సగం ఎక్కువ అని ఉంది. కువైట్ 2010 చట్టంలోనూ నాలుగో వంతు ఎక్కువే. మన దేశంలోలాగా రెట్టింపు కాదు. అయినా అక్కడ ఓటీ షీటు మీద గంటలు రాసి సంతకం పెట్టించుకునే కంపెనీలు ఉన్నాయి, చేతికి అందినవాళ్లు ఉన్నారు. రెట్టింపు అని రాసుకున్న మన దగ్గర ఆ షీటే లేదు.

ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు ఆ షీటు అక్కడా లేదు. కువైట్ కార్మిక చట్టం వాళ్లను కార్మికులుగా లెక్కలోకి తీసుకోలేదు. 2015లో ఇంటి పనివారికి విడిగా 68వ నంబరు చట్టం తెచ్చి రోజుకు 12 గంటలు మించకూడదని, వారానికొక సెలవని రాశారు. పన్నెండు గంటల హద్దే ఒక సంస్కరణగా వచ్చిందంటే, అంతకుముందు ఎంత ఉండేదో ఊహించుకోండి. తలుపు మూసిన ఇంట్లో గంటలు ఎవరు లెక్కపెడతారు? రాజోలు వైపు ఏ ఊరికి పోయినా కువైట్ డబ్బుతో కట్టిన మేడ కనిపిస్తుంది. ఆ మేడ గోడల్లో ఒక ఆడమనిషి నిద్రపోని రాత్రులు ఎన్ని ఇటుకలయ్యాయో ఎవరి దగ్గరా రిజిస్టరు లేదు.

కాబట్టి కార్మికుడు ఓటీ అడుగుతున్నాడంటే అతనికి పని మీద మోజు ఉండి కాదు. ఎనిమిది గంటల జీతం ఇంటికి సరిపోక. సరిపడా జీతమిచ్చి, ఆ తర్వాత అడగండి పదో గంట చేస్తావా అని. పైగా ఓటీ డబ్బుకు వెనక తోక ఉండదు. దాని మీద పీఎఫ్ కట్టరు. చట్టంలోనే దాన్ని మినహాయించారు. గ్రాట్యుటీలోకి రాదు. వయసులో ఉండగా పదహారు గంటలు గొడ్డులా పనిచేసినవాడికి ముసలితనంలో మిగిలేది మోకాళ్ల నొప్పే. ఇది తెలియని పెద్దలు కాదు 2023లో వారానికి 70 గంటలు అన్న నారాయణమూర్తి గారూ, 2025లో 90 గంటలు అన్న ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారూ. ఆ గంటలకు రెట్టింపు ఎంతవుతుందో మాత్రం ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

కొబ్బరి పని గురించి కూడా ఒక మాట. దింపు కార్మికుడికి చెట్టుకింత, వలుపు కూలీకి వెయ్యి కాయలకింత. పీచు పని చేసే ఆడవాళ్లకూ చాలా చోట్ల పీసు లెక్కే. 'పీసు లెక్కకు ఓటీ ఎక్కడిది?' అని యజమానులు నవ్వుతారు. ఫ్యాక్టరీల చట్టంలో 59వ సెక్షన్ కిందే దానికి జవాబుండేది. పీసు రేటు మనిషి సగటు రోజు సంపాదనను గంటల రేటుగా మార్చి దానికి రెట్టింపు కట్టాల్సి ఉండేది. కానీ ఆ చట్టం కరెంటు వాడే చోట పది మంది, కరెంటు లేని చోట ఇరవై మంది ఉంటేనే తగిలేది. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన కేంద్ర కోడ్‌లో ఆ పదిని ఇరవై, ఆ ఇరవైని నలభై చేశారు. కోనసీమ పీచు షెడ్లలో ఎన్నింట్లో నలభై మంది ఉంటారు? ఒక్క అంకె మార్చి షెడ్డును ఫ్యాక్టరీ కాకుండా చేశారు.

ఆ కోడ్‌లను మనం వ్యతిరేకిస్తున్నాం, ఇకముందూ వ్యతిరేకిస్తాం. అయితే శత్రువు కోటలో పడి ఉన్న మన ఆయుధాన్ని వదిలేసి రావడం తెలివైన పని కాదు. వేతనాల కోడ్‌లో ఓవర్‌టైమ్‌కు రెట్టింపు అలాగే ఉంది. బాకీ వేతనం కోసం దరఖాస్తు చేసుకునే గడువు మూడేళ్లుంది. పాత కనీస వేతనాల చట్టంలో అది ఆరు నెలలే. అన్నింటికంటే ముఖ్యంగా, జీతం పూర్తిగా కట్టానని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత యజమానిది. వేతన చీటీ ఇవ్వాలి. నియామక పత్రం ఇవ్వాలి. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినదాన్ని వేతనంలో కలిపి లెక్కగట్టాలి. బేసిక్‌ను చిన్నది చేసే గల్ఫ్ తెలివి ఇక్కడ అంతగా సాగదన్నమాట. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉన్నదే. 'మాకు సంబంధం లేదు, ఏజెన్సీని అడగండి' అని గేటు లోపలి ఆఫీసరు అనడానికి వీల్లేదు.

సుప్రీంకోర్టు కూడా ఒకసారి గట్టిగానే మాట్లాడింది. కరోనా కాలంలో గుజరాత్ ప్రభుత్వం పని గంటల్ని 12కి పెంచి, అదనపు గంటలకు రెట్టింపు అక్కర్లేదని నోటిఫికేషన్లిచ్చింది. గుజరాత్ మజ్దూర్ సభ కోర్టుకు పోయింది. 2020 అక్టోబరు 1న జస్టిస్ చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం ఆ నోటిఫికేషన్లను కొట్టివేసి, ఆ కాలానికి ఓవర్‌టైమ్ కట్టాల్సిందేనంది. మహమ్మారి వచ్చినా రెట్టింపును ఎత్తేయడానికి వీల్లేదని అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. మహమ్మారి ఏదీ లేని 2025లో, వ్యాపార సౌలభ్యం అనే ఒక్క మాట చాలింది మన రెండు ప్రభుత్వాలకు గంటల హద్దు జరపడానికి.

కానీ వీటన్నింటికీ మొదటి మెట్టు ఒకటుంది. గంట రాసి ఉండాలి. మస్టరులో ఎనిమిది, గేటు దగ్గర పన్నెండు ఉన్నంత కాలం ఏ కోర్టు ఏం చేస్తుంది? అందుకే అడగాల్సింది ఇదీ అని ఒక్క మాటలో చెప్పాలంటే, ఎక్కిన గంట, దిగిన గంట ఉన్న చీటీ ప్రతి మనిషి చేతిలో ఉండాలి. ప్రభుత్వానికి దీనికి ఖర్చు లేదు. పంచాయతీ కార్యదర్శి ముఖాన్ని ఫోనులో బంధించి హాజరు వేయించగల సర్కారుకు, కాంట్రాక్టరు గేటు దగ్గర గంట రాయించడం చేతకాదంటే నమ్మాలా?

ఉద్యోగ మిత్రులకు ఒక మాట చెప్పకపోతే ఈ సంపాదకీయం సగమే. 2011లో సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె చేశాం. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. నేను అప్పుడు విద్యార్థిని. మీ శిబిరాల్లో కూర్చున్నాను, మీ వంటావార్పులో తిన్నాను. ఆ శిబిరాల్లో దరీలు పరిచినవాళ్లు, మంచినీళ్ల డ్రమ్ములు మోసినవాళ్లు, రాత్రి మైకు సెట్టుకు కాపలా పడుకున్నవాళ్లు ఎక్కువమంది ఔట్‌సోర్సింగ్ వాళ్లు, రోజు కూలీలు. వాళ్లు ఈ రోజు మీ కార్యాలయాల్లోనే ఉన్నారు. మీ గేటు దగ్గరే ఉన్నారు. పీఆర్సీ కోసం, డీఏ కోసం మీరు ఇచ్చే వినతిపత్రంలో అయిదో పేజీలో ఎక్కడో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది అనే ముక్క ఉంటుంది. దాన్ని మొదటి పేజీకి తెండి. ముందుగా ఒక పని చేయండి. రేపు ఆఫీసుకు పోయేటప్పుడు మీ గేటు దగ్గరి మనిషిని పేరు పెట్టి పలకరించి, ఎన్ని గంటలకు ఎక్కావు, ఎన్ని గంటలకు దిగుతావు అని అడగండి. పన్నెండు అంటే ఆ ఏజెన్సీ బిల్లు ఏ సెక్షన్‌లో పాసవుతోందో మీకే తెలుస్తుంది. ఆ బిల్లు మీద సంతకం పెట్టేది మీలో ఒకరు.

విద్యార్థి సంఘాలు జీవో 282 రద్దును తమ డిమాండ్లలో చేర్చుకోవాలి. ఆంధ్రలోని విద్యార్థి, నిరుద్యోగ సంఘాలు అక్కడి సవరణ మీద అదే పని చేస్తే మనం వెళ్లి వాళ్ల సభలో కూర్చుందాం. అమలాపురంలో పెట్టినా సరే, మామిడికుదురు సెంటర్లో పెట్టినా సరే.

ఇక పాఠకులకు. డ్యూటీ ఎక్కిన గంట, దిగిన గంట ఒక నెల రోజులపాటు నోటుపుస్తకంలో రాయండి. మీది కాకపోతే మీ నాన్నది, మీ అన్నది, మీ అపార్టుమెంటు వాచ్‌మన్‌ది. నెల చివర్లో చేతికి వచ్చిన డబ్బు పక్కన రాయండి. పైన చెప్పిన లెక్క వేసి రావాల్సింది ఎంతో కట్టండి. పేర్లు, కంపెనీలు లేకుండా, ఊరు పేరు, గంటలు, రూపాయలు మాత్రమే రాసి పత్రిక చిరునామాకు పంపండి. అందినవి అందినట్టు నాలుగో పేజీలో అచ్చువేస్తాం. మామిడికుదురు గేటు దగ్గరి అన్నకు ఒక నోటుపుస్తకం ఇచ్చి వచ్చాం. మొదటి వరుస అతనిదే.